ఊరి పేజీతో ఇంగ్లీష్ పాఠం: తొమ్మిదో తరగతికి ఆరు వారాల వెబ్ ప్రాజెక్టు

వెబ్ ప్రాజెక్టు అనగానే ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయో లెక్కపెట్టడంతో మొదలుపెడతాం. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: పిల్లలు రాయబోయే సమాచారం ఇంటర్నెట్‌లో ఇప్పటికే ఇంగ్లీషులో ఉందా? ఉంటే కాపీ కొడతారు. "కాలుష్యం", "మన జాతీయ పక్షి" లాంటి అంశాలు ఇస్తే నలభై మంది దగ్గర్నుంచీ ఒకే పేరా వస్తుంది. వాళ్లను తిట్టి లాభం లేదు. ఒక్క క్లిక్కుతో అయిపోయే పనికి ఎవరు మాత్రం గంట కూర్చుంటారు?

అదే సమాచారం ఊళ్లో ఒక మనిషి నోట, తెలుగులో మాత్రమే ఉంటే కథ మారిపోతుంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే పని పిల్లలే చేయాలి, ఇంకో దారి ఉండదు. కింద చెప్పేదంతా ఈ ఏర్పాటు మీదే నడుస్తుంది: వినేది తెలుగులో, రాసేది ఇంగ్లీషులో, చదివేది ఊరి బయటివాళ్లు.

అంశం, పాఠకుడు

ఉదాహరణకి భూదాన్ పోచంపల్లి తీసుకుందాం. హైదరాబాద్‌కి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఇక్కత్ చీరలకు పేరు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చోటు దక్కింది. తెలుగు రాని మనిషి ఆ ఊరికి వచ్చే అవకాశం నిజంగానే ఉంది కాబట్టి ఇంగ్లీషు పేజీకి పని ఉంది. మీది కొండపల్లి అయితే బొమ్మలు, నిర్మల్ అయితే కొయ్య బొమ్మలు, రంగుల చిత్రాలు, ఉప్పాడ అయితే జాందానీ చీరలు. పేరున్న పనేదీ లేని ఊరైతే వారపు సంత చాలు. సంత ఏ రోజో, అందులో ఏం దొరుకుతుందో, ధర ఎలా బేరమాడాలో ఇంటర్నెట్‌లో లేదు.

పాఠకుణ్ని ముందే బోర్డు మీద రాయండి: "ఆదివారం పొద్దున బస్సు దిగిన, తెలుగు రాని మనిషి." ఆ మనిషికి వచ్చే ప్రశ్నలు పిల్లలతోనే చెప్పించండి. ఎలా రావాలి, నేత ఎక్కడ చూడొచ్చు, చీర ఎలా తయారవుతుంది, చేనేతకీ ప్రింటుకీ తేడా ఎలా కనిపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ తినాలి, ఊరి పేరులో భూదాన్ ఎందుకుంది, పండగలేంటి. ఎనిమిది ప్రశ్నలకి ఎనిమిది పేజీలు. నలభై మందిని ఐదుగురి చొప్పున జట్లు చేస్తే జట్టుకో పేజీ.

ఒక్కో పేజీకి కొలత పెట్టండి: 120 నుంచి 150 పదాలు, మూడు ఫొటోలు, 45 సెకన్ల ఆడియో ఒకటి. కొలత లేకపోతే బాగా చదివే ఇద్దరు పిల్లలు 600 పదాలు రాసేస్తారు, మిగతా ముగ్గురు రంగులు ఎంచుకుంటూ కూర్చుంటారు.

ఈ ఎనిమిదింటిలో చరిత్ర పేజీతో కాస్త జాగ్రత్త. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చారన్న సంగతి ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా దొరుకుతుంది. ఆ జట్టుకి పేరా ఇవ్వొద్దు. ఐదు తేదీలతో, తేదీకో వాక్యంతో టైమ్‌లైన్ అడగండి, దాంతోపాటు ఒక పెద్దాయన్నో పెద్దావిణ్నో కలిసి "భూదానం గురించి మీ ఇంట్లో ఏమనుకునేవారు" అని అడిగి నాలుగు వాక్యాలు రాయమనండి.

గ్రామర్ ముందే ఎంచుకోండి

వెబ్ ప్రాజెక్టుల్లో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. సైటు అందంగా వస్తుంది, ఇంగ్లీషు మాత్రం మొదట్లో ఎంత వచ్చో అంతే మిగులుతుంది. అందుకని రెండే రెండు అంశాలు ఎంచుకోండి. ఈ ప్రాజెక్టుకి సరిగ్గా సరిపోయేవి వర్తమానంలో ప్యాసివ్ వాయిస్, ఆర్టికల్స్.

ప్యాసివ్‌ని మనం "ఛేంజ్ ద వాయిస్" అనే ప్రశ్నగానే నేర్పుతుంటాం. "రామా కిల్డ్ రావణా"ని తిరగేయడం పిల్లలకి వస్తుంది, ఎందుకు తిరగేయాలో తెలీదు. చీర తయారీ చెప్పేటప్పుడు నూలుకి ఏం జరుగుతోందన్నదే ముఖ్యం, ఎవరు కట్టారు, ఎవరు ముంచారు అన్నది అక్కర్లేదు. అక్కడ ప్యాసివ్ దానంతటదే అవసరమవుతుంది. తయారీ పేజీ కాని జట్లకీ ఇది పనికొస్తుంది: "టికెట్స్ ఆర్ సోల్డ్ ఇన్‌సైడ్ ద బస్", "ద షాప్స్ ఆర్ క్లోజ్డ్ ఆన్..." వగైరా.

సామగ్రి

జట్టుకో స్మార్ట్‌ఫోను, లేకపోతే మొత్తం క్లాసుకి రెండైనా సరిపోతాయి. ల్యాబ్‌లో నెట్‌తో నడిచే కంప్యూటర్లు నాలుగుంటే చాలు, టైపింగ్ ఐదో వారంలోనే వస్తుంది. మనిషికో 40 పేజీల నోటుబుక్. సైటుకి గూగుల్ సైట్స్ వాడండి. డబ్బు కట్టక్కర్లేదు, కోడ్ రాయక్కర్లేదు. అకౌంటు ఒక్కటే, అదీ మీ చేతిలో. నలభై అకౌంట్లు తెరిపిస్తే రెండు పీరియడ్లు పాస్‌వర్డులకే పోతాయి, ఆ పైన 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ అకౌంటు తెరవకూడదు.

మొదలుపెట్టే ముందే తల్లిదండ్రులకి తెలుగులో అరపేజీ ఉత్తరం పంపి సంతకాలు తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. సంతకాలున్నా సరే, సైటు మీద పిల్లల పూర్తి పేర్లు, ముఖాలు పెట్టొద్దు. "జట్టు 3" అంటే చాలు. హెచ్‌ఎంకి ఈ ఉత్తరం నకలు ముందే ఇస్తే తర్వాత ప్రశ్నలు రావు.

మొదటి వారం: చదవడం

వారానికి రెండు పీరియడ్ల చొప్పున మొత్తం పన్నెండు పీరియడ్ల లెక్క ఇది. మొదటి రెండూ చదవడానికి. సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియాలో ఒక ఊరి పేజీ, ఏదైనా పర్యాటక సైటులో "ఎలా చేరుకోవాలి" పేజీ ఎంచుకుని, ముందురోజే పీడీఎఫ్‌గా దింపి పెట్టుకోండి. నెట్ మీద భరోసాతో క్లాసులోకి వెళ్తే ఆ రోజే పోతుంది.

చదివించేటప్పుడు అర్థాలు చెప్పకండి. మూడు పనులివ్వండి: ఈ పేజీ ఏ ప్రశ్నలకి జవాబిచ్చింది, "ఈజ్" లేక "ఆర్" తర్వాత వీ3 (క్రియ మూడో రూపం) వచ్చిన వాక్యాలకి గీత పెట్టు, ఇందులో మన పేజీకి ఎత్తుకోదగ్గ వాక్యం ఒకటి చూపించు. ఆ ఎత్తుకున్న వాక్యాలన్నీ చార్టు మీదకెక్కించి గోడకి తగిలించండి. వాక్యం నమూనా తీసుకోవడం తప్పు కాదని, సమాచారం ఎత్తుకోవడమే తప్పని ఇక్కడే చెప్పేయాలి.

వెబ్‌క్వెస్ట్ గురించి ఒక మాట. శాన్‌డియాగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాజ్ 1995లో టామ్ మార్చ్‌తో కలిసి రూపొందించిన పద్ధతి అది. టీచరు ముందే ఎంచి ఇచ్చిన లింకుల్లో వెతికి పిల్లలు ఒక పని పూర్తిచేయాలి. పద్ధతి మంచిదే, కానీ ఆ లింకులు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం రాసినవైతే తెలుగు మీడియం నుంచి వచ్చిన తొమ్మిదో తరగతికి మింగుడుపడవు. ఇంటర్, డిగ్రీ క్లాసులకి దాచుకోండి.

రెండో వారం: అడిగి రావడం

జట్టుకి ఐదు ప్రశ్నలు, తెలుగులో. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలొద్దు. "రంగు వేస్తారా" కాదు, "రంగు ఎప్పుడు వేస్తారు, ఎన్నిసార్లు, ఎందుకు" అని అడగాలి. మనుషుల్ని మీరే ముందుగా మాట్లాడి పెట్టండి. నేత పనివాళ్లకి పని మధ్యలో పిల్లల గుంపు రావడం ఇబ్బంది, పైగా కూలి పోతుంది. ఒక మగ్గం దగ్గరకి ఒక జట్టు, ఇరవై నిమిషాలు.

రికార్డు చేసే ముందు "అంకుల్, ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా" అని అడగడం పిల్లలకి అలవాటు చేయండి. మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడుకి మాట వినపడదు. పని ఆపినప్పుడు రికార్డు చేయాలి, ఫోను మనిషికి రెండడుగుల్లోపు ఉండాలి. ఫొటోలు మాత్రం పని నడుస్తుండగా తీయాలి: చేతులు, నూలు, పనిముట్లు. ముఖాలు అక్కర్లేదు.

మూడు, నాలుగు వారాలు: తెలుగు నుంచి ఇంగ్లీషుకి

ప్రాజెక్టుకి గుండెకాయ ఇదే. నాలుగు పీరియడ్లూ ఇక్కడే ఖర్చుపెట్టండి, ఐదు పట్టినా పర్వాలేదు.

రికార్డింగ్ విని, ముఖ్యమైన మూడు నాలుగు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు తెలుగులో రాయించండి. ఇలాంటిది వస్తుంది (ఆసు పోయడం అంటే నూలుని చట్రం మీద చుట్టడం): "ముందు నూలు ఆసు పోసి, గీసుకున్న చోట రబ్బరు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పుతాం."

దీన్ని నేరుగా ఇంగ్లీషులో పెట్టమంటే పిల్లలు "ఫస్ట్ థ్రెడ్ ఆసు డూయింగ్, రబ్బర్ టైయింగ్, కలర్‌లో డిప్పింగ్" అంటారు. వాళ్లకి మాటలు రాక కాదు. పోసి, కట్టి, ముంచి, ఆరబెట్టి అంటూ తెలుగు ఐదు పనుల్ని ఒక్క వాక్యంలో వరసగా దండ గుచ్చేస్తుంది. ఆ "ఇ"కారానికి ఇంగ్లీషులో దగ్గరగా కనిపించేది "ఇంగ్" కాబట్టి దాన్ని తగిలించేస్తారు. అందుకని ముందు తెలుగు వాక్యాన్నే కోయించాలి.

పోసి, కట్టి, ముంచి లాంటి ప్రతి క్త్వార్థకం తర్వాతా పెన్సిల్‌తో నిలువు గీత పెట్టమనండి. ఐదు ముక్కలొస్తాయి. ఒక్కో ముక్క ఒక్కో వాక్యం. ప్రతి ముక్కకీ "ఏది?" అని అడగాలి. కట్టేది దేన్ని? నూలుని. ముంచేది? నూలునే. తెలుగులో ఆ నూలు మొదట ఒక్కసారి చెప్పి వదిలేస్తాం, ఇంగ్లీషులో ప్రతి వాక్యంలోనూ నూలో, దాని బదులు "ఇట్" అనే మాటో కావాలి. అది మొదట పెట్టి, "ఈజ్" చేర్చి, వీ3 వేయాలి. "ఫస్ట్, ద యార్న్ ఈజ్ వౌండ్ ఆన్ ఎ ఫ్రేమ్. దెన్ ఇట్ ఈజ్ టైడ్ విత్ స్ట్రిప్స్ ఆఫ్ రబ్బర్. ఇట్ ఈజ్ డిప్డ్ ఇన్ డై. ఆఫ్టర్ దట్, ఇట్ ఈజ్ డ్రైడ్. ఫైనల్లీ, ద నాట్స్ ఆర్ అన్‌టైడ్." చివరి వాక్యంలో "ఆర్" ఎందుకొచ్చిందో పిల్లలే పట్టుకుంటారు.

ఈ పేజీకి కావాల్సిన క్రియలు ఎనిమిది: డ్రా, వైండ్, టై, డిప్, డ్రై, అన్‌టై, స్ట్రెచ్, వీవ్. వీటి వీ3లు గోడ మీద ఉండాలి. వీవ్‌కి "వోవెన్", వైండ్‌కి "వౌండ్", డ్రాకి "డ్రాన్" వస్తాయి. మిగతావి "ఇడి" పెట్టేవే, కాకపోతే డిప్‌లో పి రెండుసార్లు రాయాలి, డ్రైలో వై బదులు ఐ రాయాలి.

ఇంగ్లీషులో మాట లేనివి ఉంటాయి. ఆసు అలాంటిదే. ఆసునే ఉంచి, పక్కన చిన్న వాక్యంతో అదేంటో చెప్పమనండి. ఈ జట్టు ఇంకో అడుగు వేయగలిగితే, ఆసు పోసే చాకిరీ తప్పించే యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గురించి రెండు వాక్యాలు చేర్చమనండి. ఆయన ఆ జిల్లావారే.

ట్రాన్స్‌లేట్ యాప్, చాట్‌బాట్ వాడొద్దని చెప్తే దాక్కుని వాడతారు. హద్దు గీయండి: ఒక్క మాటకి అర్థం చూసుకోవచ్చు, వాక్యం అడగకూడదు. కోసిన తెలుగు ముక్కలు, మొదటి చిత్తుప్రతి నోటుబుక్‌లో చేతిరాతతో ఉంటేనే టైపింగ్‌కి అనుమతి. ఇంకా మంచిది, నేత కార్మికుడి వాక్యం ఒకటి మీరే యంత్రానికి ఇచ్చి, వచ్చినదాన్ని బోర్డు మీద పెట్టి తప్పులు పట్టమనండి. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) ఉన్న వాక్యం ఇవ్వండి. పేకని పేకముక్కగా తీసుకుంటే క్లాసు నవ్వుకుంటుంది, సరిగ్గా చెప్తే ఎందుకు సరో చెప్పించండి.

రాత ఎవరికి వారే. మొదట మనిషికి 30 పదాలు, తర్వాత ఐదుగురివీ కలిపి ఒక పేజీ. ముందే జట్టుగా రాయమంటే ఒకరు రాస్తారు, నలుగురు చూస్తారు.

దిద్దేటప్పుడు ఎంచుకున్న రెండు అంశాలకే గీత పెట్టండి. గీత మాత్రమే, సరైన మాట రాయొద్దు. "ఈజ్ టై" కింద గీత చూస్తే పిల్లలే చార్టు వైపు తలెత్తుతారు. ఆర్టికల్స్‌కి ఒక్క సూత్రంతో సరిపెట్టండి: లెక్కపెట్టగలిగే వస్తువు మొదటిసారి వస్తే "ఎ" లేదా "యాన్", అదే మళ్లీ వస్తే "ద". యార్న్, డై లాంటివి లెక్కపెట్టలేం కాబట్టి వాటికి "ఎ" రాదు. మిగతా తప్పులు కళ్లకి కొడుతూనే ఉంటాయి. "సిన్స్ టూ ఇయర్స్", "స్మాల్ స్మాల్ షాప్స్", "వియ్ ఆర్ హావింగ్ ట్వెల్వ్ లూమ్స్"... చేయి ఆపుకోండి. అన్నీ ఎర్రగా దిద్దిన కాగితం పిల్లలు రెండోసారి చదవరు. వాటిని ఒక కాగితం మీద ఎక్కించుకుని తర్వాతి పాఠానికి దాచండి. అయితే పాఠకుణ్ని దారి తప్పించేవి, అంటే ధర, దూరం, వేళ, పేరు స్పెల్లింగు, ఇవి మాత్రం అక్కడికక్కడే సరిచేయించాలి.

ఐదో వారం: సైటు కట్టడం

సైటు చట్రం మీరే ముందురోజు చేసిపెట్టండి: హోమ్ పేజీ ఒకటి, ఎనిమిది పేజీలు, పేజీకి ప్రశ్న రూపంలో శీర్షిక. థీమ్, రంగులు మీరే ఎంచేయండి, లేదంటే ఒక పీరియడు దానికే పోతుంది. కొత్తగా టైపు చేసే పిల్లలకి 150 పదాలు దాదాపు ఒక పీరియడు పడుతుంది. జట్టులో ప్రతి పది నిమిషాలకీ కీబోర్డు చేయి మారాలి, పక్కనున్నవాళ్లు చదివి వినిపించాలి.

ఫోను ఫొటో ఒక్కోటి 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కిస్తే బడి నెట్ కూలబడుతుంది, చూసేవాళ్ల డేటా కూడా దండగ. వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గిస్తే సాధారణంగా 300 కేబీ దరిదాపుల్లోకి వస్తుంది. గూగుల్ ఇమేజెస్‌లో దొరికిన ఫొటో పెట్టనివ్వద్దు. బయటి ఫొటో తప్పనిసరైతే వికీమీడియా కామన్స్‌లోంచి తీసుకుని, ఫొటోగ్రాఫర్ పేరు, లైసెన్సు కింద రాయాలి. ప్రతి ఫొటోకీ ఆల్ట్ టెక్స్ట్ పెట్టించండి. చూపులేనివాళ్ల ఫోను చదివి వినిపించే ఒక వాక్యం అది. "ఎ వీవర్ ఈజ్ టైయింగ్ ద యార్న్" అని రాయాల్సి వచ్చినప్పుడు, ఇంతకుముందు తప్పుగా వాడిన "ఇంగ్"కి సరైన చోటు ఇక్కడ దొరుకుతుంది.

ఆడియోలో పేజీని చదవకూడదు, పేజీ గురించి చెప్పాలి. కాగితం చూసి చదివితే గొంతు సాగదీస్తారు. ఐదు కీలక మాటలు అరచేతంత చీటీ మీద రాసుకుని మాట్లాడమనండి. ఉచ్చారణలో రెండే పట్టించుకోండి: హల్లుతో ఆగాల్సిన చోట చివర "ఉ" చేర్చడం, "లూము", "క్లాతు" అన్నట్టు, "ఎ"తో మొదలయ్యే మాట ముందు "య" తెచ్చుకోవడం, "యెవ్రీ", "యెండ్" అన్నట్టు.

పబ్లిష్ చేశాక తప్పనిసరి పరీక్ష ఒకటుంది. మీ అకౌంటు లేని ఫోనులో, ఇన్‌కాగ్నిటో విండోలో సైటు తెరిచి ప్రతి ఆడియో నొక్కి చూడండి. ఆడియో ఫైలు గూగుల్ డ్రైవ్‌లో ఉంటుంది, దాని షేరింగ్ వేరు, సైటు షేరింగ్ వేరు. ఫైలుకి "లింకు ఉన్న ఎవరైనా" అని మార్చకపోతే మీకు వినపడుతుంది, బయటివాళ్లని అనుమతి అడగమంటుంది. "మీ సైటు పనిచేయడం లేదు" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే.

ఆరో వారం: చదివేవాళ్లు, మార్కులు

వేరే మండలంలో మీకు తెలిసిన ఇంగ్లీష్ టీచర్ క్లాసుకి లింకు పంపండి. దాంతోపాటు గూగుల్ ఫారంలో మూడు ప్రశ్నలు: కొత్తగా ఏం తెలిసింది, ఏ వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది, ఇంకా ఏం తెలుసుకోవాలనుంది. "బాగుందా" అని అడగొద్దు, "సూపర్" తప్ప ఇంకేం రాదు. రెండో ప్రశ్నకి వచ్చిన జవాబులు చాలా విలువైనవి. టీచరు గీత పెడితే దిద్దే పిల్లలు వేరు, పరిచయం లేని పిల్లవాడు "ఇది అర్థం కాలేదు" అంటే దిద్దే పిల్లలు వేరు. చివరి పీరియడు ఆ వాక్యాలు తిరగరాయడానికే.

చాలా బడుల్లో ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో ప్రాజెక్టు పనికి చోటుంటుంది కాబట్టి దీన్ని అందులో చూపించొచ్చు. ముందు 20కి వేసి తర్వాత మీ లెక్కకి కుదించుకోండి. సమాచారానికి 5, ఎంచుకున్న రెండు గ్రామర్ అంశాలకి 5, చిత్తుప్రతి నుంచి చివరి ప్రతికి వచ్చిన మార్పుకి 5, ఒక్కొక్కరినీ నిమిషం పాటు మాట్లాడించి 5. మొదటి రెండూ జట్టు మార్కులు, చివరి రెండూ ఎవరివి వాళ్లవే. నిమిషం మాట్లాడించడం వదిలేయకండి. యంత్రంతో రాయించుకున్నవాళ్లు "వై ఈజ్ ద యార్న్ టైడ్?" అనే ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

తర్వాత

బస్సు వేళలు, ధరలు మారుతుంటాయి. పేజీ అడుగున "చివరిగా సరిచూసినది" అని నెల, సంవత్సరం ఉంచండి. వచ్చే జూన్‌లో కొత్త తొమ్మిదో తరగతికి మొదటి పని ఈ పేజీల్లో పాతబడిన వాక్యాలు వెతకడం కావచ్చు. సైటు వివరాలు, పాస్‌వర్డు బడి రికార్డులో ఉండాలి. మీ సొంత అకౌంటుతో కట్టి బదిలీ మీద వెళ్లిపోతే సైటు తాళం మీతోపాటే పోతుంది. రెండేళ్ల పాటు ఎవరూ వాడని వ్యక్తిగత అకౌంట్లని గూగుల్ తొలగించవచ్చు, అందుకే వేసవి సెలవులకి ముందు ఒకసారి లాగిన్ అయి, పేజీలన్నీ పీడీఎఫ్‌గా దింపి బడి కంప్యూటర్లో పెట్టండి.